పాత ఆయిల్ చెప్పే కబురు

బోటు కొన్న కొత్తలో ఏటా ఒకసారి దాన్ని ట్రైలర్‌తో సహా సర్వీసు షాపు దగ్గర వదిలేసి, తాళాలిచ్చి వచ్చేవాణ్ని. వారం తర్వాత బిల్లు కట్టి తెచ్చుకునేవాణ్ని. మూడేళ్లు అలాగే గడిచాయి. ఒక ఆదివారం బాపట్ల దగ్గరి మా ఊరి నుంచి నాన్న ఫోన్లో అడిగారు. “ఒరేయ్, తీసిన ఆయిలు ఎలా ఉంది? వేలితో పట్టి చూశావా?” నా దగ్గర జవాబు లేదు. మూడుసార్లు ఆయిల్ మారింది. ఒక్కసారీ నా కంటబడలేదు.

ఆయన ఊరికే అడగలేదు. మా చేలో ఐదు హెచ్‌పీ ఆయిల్ ఇంజిను ఉండేది. ఆయిల్ మార్చే రోజు పాతదాన్ని బేసిన్‌లోకి వదిలి, ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని రుద్దేవారు. జారుడుగా ఉంటే సరే. గరుగ్గా తగిలిందా, వేలిని ఎండకు పెట్టి చూసేవారు. ఇనప రజను మెరిసిందంటే ఆ పూట ఇంజిను తిప్పేవారు కాదు, మెకానిక్కుకి కబురు పంపేవారు. చేతికి మసి అంటడం ఆయనకు లెక్కలోది కాదు. ఇంజిను లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే మాత్రం నిద్రపట్టేది కాదు.

మన తరానికి ఇది తిరగబడింది. చదువుకున్నాం, సంపాదిస్తున్నాం, చేయించుకోగలం. అందుకని అప్పగించేస్తాం. అన్ని పనులూ మనమే చేయాలని నేను అనను. కానీ ఒకటి గమనించండి. పని అప్పగించినప్పుడు ఆ పని చెప్పే కబురు కూడా పరాయి చేతికే పోతుంది. ఆయిల్ మార్చుకుంటే ఎన్ని డాలర్లు మిగులుతాయని చాలామంది నన్ను అడుగుతారు. కొంత మిగులుతుంది, నిజమే. నేను అడిగేది వేరు. మీ సొంత ఇంజిను గురించి మీకు ఏం తెలుసు?

నేనుండేది అమెరికాలోని జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన, లేక్ లానియర్‌కు దగ్గర్లో. చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే 1950ల్లో ఏర్పడిన జలాశయం ఇది. సిడ్నీ లానియర్ అనే కవి పేరు పెట్టారు. ఇంత పెద్ద జలాశయానికి ఒక కవి పేరు పెట్టుకున్నారని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. పక్కనే ఉన్న కమ్మింగ్, ఆల్ఫారెట్టాల్లో తెలుగువాళ్లు బాగా ఉన్నారు. వేసవి శనివారం పొద్దున్నే ర్యాంపు దగ్గర నిలబడితే “కొంచెం వెనక్కి, ఇంకొంచెం, చాలు చాలు” అన్న మాటలు చెవిన పడతాయి.

నా బోటు పాతది, పద్దెనిమిది అడుగులది. మెర్‌క్రూజర్ 3.0 లీటర్ల ఇంజిను, నాలుగు సిలిండర్లు, 135 హార్స్‌పవర్. ఇంజిను బోటు లోపల వెనక వైపు ఉంటుంది, ప్రొపెల్లరున్న డ్రైవు బయట వేలాడుతుంది. ఇలాంటి ఇంజిన్లకు 100 గంటలకోసారి లేదా ఏడాదికోసారి, ఏది ముందొస్తే అప్పుడు, ఆయిల్ మార్చాలి. మనలాంటి సెలవురోజు బోటువాళ్లకు ఏడాదే ముందొస్తుంది. చాలామంది వసంతంలో సీజను మొదలయ్యే ముందు మారుస్తారు. మీరు సీజను అయిపోగానే, బోటును చలికాలానికి మూసిపెట్టే ముందు మార్చండి. వాడిన ఆయిల్‌లో తేమ ఉంటుంది, ఇంధనం మండటం వల్ల చేరిన ఆమ్లాలుంటాయి. నాలుగైదు నెలలు కదలకుండా ఉన్న ఇంజిన్లో అవి బేరింగులను కొరుక్కుతింటాయి. వాయిదా వేసిన పని ఉన్నచోటే ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడే కూర్చుని అది ఇంజిన్ను తింటుంది.

మొదలుపెట్టే ముందు మాన్యువల్ చదవండి. ఏ అనుమానమొచ్చినా వాట్సాప్ గ్రూపులో అడగడం మనకు అలవాటైపోయింది. పదిమంది పది రకాలుగా చెబుతారు, పదకొండోవాడు వీడియో పంపిస్తాడు. మీ ఇంజిను తయారుచేసినవాడు రాసిన రెండు మూడు పేజీలు మాత్రం ఎవరూ తెరవరు. ఏ ఆయిల్, ఎంత, ఏ ఫిల్టర్ అన్నీ అందులో ఉంటాయి. నా ఇంజినుకు 25డబ్ల్యూ-40 మెరైన్ ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 4 క్వార్టులు, అంటే సుమారు 3.8 లీటర్లు. కారు ఆయిల్ పోస్తే ఏమవుతుందని అడుగుతారు. కారు చదును రోడ్డు మీద హాయిగా పోతుంది. బోటు ఇంజిను నీళ్లను తోసుకుంటూ గంటలకొద్దీ మూడు నాలుగు వేల ఆర్‌పీఎమ్ మీద తిరుగుతుంది, కారు ఆగకుండా ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు. ఆ తర్వాత వారాల తరబడి చెమ్మలో నిలబడి ఉంటుంది. మెరైన్ ఆయిల్‌లో తుప్పు పట్టనివ్వని గుణం ఎక్కువ. డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అన్న గుర్తు చూసుకుని కొనండి.

సామానంతా ముందే సర్దుకోండి. ఆయిల్, ఫిల్టర్, ఫిల్టర్ విప్పే పానా, చేత్తో కొట్టే వాక్యూమ్ పంపు, గరాటు, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి, ఆయిల్ పీల్చే ప్యాడ్లు, పాత గుడ్డలు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టకండి. ఏదో ఒకటి మర్చిపోతారు, చీకటి పడుతుంది, విసుగొస్తుంది. విసుగుతో బిగించిన నట్టు సరిగా బిగియదు. శనివారం పొద్దున పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని. తాళం తిప్పే ముందు ఇంజిను మీది మూత ఎత్తి, ముక్కుతో వాసన చూసి, లోపలి ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను నాలుగు నిమిషాలు నడపండి. పెట్రోలు ఇంజిను లోపలున్న బోట్లలో తాళం దగ్గర ఈ హెచ్చరిక స్టిక్కర్ ఉంటుంది, చదివినవాళ్లు తక్కువ. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు. బోటు అడుగున ఇంజిను కింద గుంటలో పేరుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ నాలుగు నిమిషాలు గడియారం చూసి లెక్కపెట్టండి. రెండు నిమిషాలకే “ఇక చాల్లే” అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా ఆగుతాను. నాలుగు నిమిషాలు ఆగలేనివాళ్లు ఈ పని చేయకపోవడమే మంచిది.

బోటు ట్రైలర్ మీద ఉంటే డ్రైవుకు రెండు పక్కలా నీళ్లు పీల్చే రంధ్రాల మీద రబ్బరు డిప్పలు తగిలించి, తోటకు నీళ్లు పెట్టే పైపు కలపండి. ముందు నీళ్లు, తర్వాత తాళం. వరస తప్పితే నీటి పంపులోని రబ్బరు రెక్కల చక్రం పొడిగా తిరిగి క్షణాల్లో కాలిపోతుంది. ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు, గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. ఐదారు నిమిషాలు నెమ్మదిగా నడిపి ఆపేయండి. వేడెక్కిన ఆయిల్ పల్చబడి, అడుగున చేరిన మడ్డిని కూడా తనతో తీసుకొస్తుంది.

కారుకైతే కింద దూరి నట్టు విప్పితే ఆయిల్ కారుతుంది. అవుట్‌బోర్డు మోటార్లకూ బయట స్క్రూ ఉంటుంది, సులువు. లోపలున్న ఇంజినుకు ఆ వీలు తక్కువ, ఇంజిను అడుగు బోటు అడుగును దాదాపు ఆనుకుని ఉంటుంది. అందుకే డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని పైపు అడుగు తగిలేదాకా దింపి, పంపు పిడి పది పదిహేనుసార్లు కొట్టి, ఆయిల్‌ను పైకి లాగుతాం. మొదట ఏమీ జరగదు. పంపు పాడైందేమో అనిపిస్తుంది. చూస్తూ ఉండండి, పైపులో నల్లటి గీత మెల్లగా పాకుతూ పైకొస్తుంది. ఆఖర్న గురగురమని గాలి పీల్చే చప్పుడు వస్తుంది. పైపు కాస్త పైకీ కిందకీ కదిపి, మిగిలింది కూడా లాగండి.

ఇక్కడ తొందరపడకండి. పంపు తొట్టికున్న గీతలు చూసి ఎంత వచ్చిందో రాసుకోండి. తర్వాత ఒక తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేయండి. మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు పన్నెండేళ్ల మా అమ్మాయి టార్చి పట్టుకుంది. తాతయ్య రుద్దినట్టే తనూ వేళ్ల మధ్య రుద్ది, “నాన్నా, నల్లగా ఉంది కానీ నున్నగా ఉంది” అంది. నల్లగా ఉంటే భయం లేదు, పనిచేసిన ఆయిల్ నల్లబడుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే అనుమానించాలి. ఇనప రజను కనబడితే ఆగాలి. పాలు కలిపిన కాఫీలా ఉంటే ఇంజిన్లోకి నీళ్లు దిగాయన్నమాట. కారణం తెలిసేదాకా ఆ ఇంజిన్ను నీళ్లమీదికి తీసుకెళ్లకూడదు.

మా స్నేహితుడొకడికి సరిగ్గా ఇదే జరిగింది. జార్జియాలో చలి పెద్దగా ఉండదనే ధీమాతో చలికాలంలో ఇంజిన్లో నీళ్లు తీయకుండా వదిలేశాడు. రెండు రాత్రులు గట్టిగా గడ్డకట్టింది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, పోత ఇనుము పగులుతుంది. ఏప్రిల్లో ఒక షాపులో ఆయిల్ మార్పించాడు. బిల్లు మీద ‘ఆయిల్, ఫిల్టర్ మార్చాం’ అని ఉంది. తీసిన ఆయిల్ ఏ రంగులో ఉందో ఒక్క ముక్క లేదు. రెండో ట్రిప్పులో లేకు మధ్య ఇంజిను పట్టేసింది. విప్పి చూస్తే లోపలంతా కాఫీ రంగు. “ఒరేయ్, నేనే తీసి ఉంటే ఆ రోజే కనబడేది కదరా” అన్నాడు వాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. తీసిన ఆయిల్ డబ్బాలోకి తొంగి చూసే తీరిక అవతలివాడికి ఉండకపోవచ్చు. ఇంజిను మీది కాబట్టి మీకు ఉంటుంది.

ఫిల్టర్ సంగతి. విప్పే ముందు కింద ప్యాడ్ పరచి, ఫిల్టర్‌కు ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచితోనే తిప్పితే కారేదంతా అందులోనే పడుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ రాసి, రింగు ఇంజిన్ను తాకాక చేత్తో ముప్పావు నుంచి ఒక చుట్టు బిగించాలి. బిగించడానికి పానా వద్దు. నేను రెండో ఏడాది చేసిన తప్పు ఇక్కడే. పాత ఫిల్టర్ వచ్చింది, దాని రబ్బరు రింగు మాత్రం ఇంజినుకే అతుక్కుపోయింది. నేను చూసుకోలేదు. దానిమీదే కొత్త ఫిల్టర్ బిగించాను. స్టార్టు చేయగానే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్మింది. ప్రెషరు ముల్లు పడిపోవడం చూసి వెంటనే ఆపాను. అప్పటికే దాదాపు లీటరు బోటు అడుగున చేరింది. ఆ మధ్యాహ్నమంతా ప్యాడ్లతో తుడుస్తూ గడిపాను. అప్పట్నుంచీ పాత ఫిల్టర్‌ను తిప్పి రింగు దానికే ఉందో లేదో చూడనిదే ముందుకు పోను. ఇంజిను మీద రింగు కూర్చునే చోటును వేలితో చుట్టూ తడిమి మరీ చూస్తాను. తప్పు చేశారా, దాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. సిగ్గుపడి దాచుకుంటే వచ్చే ఏడాది మళ్లీ అదే చేస్తారు.

ఆ రోజు నన్ను కాపాడింది ఒక్కటే. బోటు అడుగు నీళ్లు తోడే పంపు ఫ్యూజు ముందే తీసి ఉంచాను. చాలా బోట్లలో ఆ పంపు స్విచ్చు నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటుంది, తాళం తీసినా దానంతట అదే పనిచేస్తుంది. ఆయిల్ ఒలికితే దాన్ని కూడా నీళ్లనుకుని బయటికి తోడేస్తుంది. ట్రైలర్ మీదుంటే వాకిట్లోకి, లేకులో ఉంటే లేకులోకి. నీటి మీద ఆయిల్ తెట్టు తేలేలా వదలడం అమెరికా చట్టప్రకారం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, అట్లాంటా చుట్టుపక్కల లక్షల ఇళ్లకు కుళాయిలో వచ్చేది లానియర్, చాటహూచీ నీళ్లే. మన పిల్లలు తాగేవీ అవే.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు బోటు సమంగా ఉందో లేదో చూసుకోండి. ట్రైలర్ ముందు చక్రం జాకీ తిప్పితే ముక్కు ఎత్తూ దించూ చేయొచ్చు. ముక్కు లేచి ఉంటే డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది. ముందు కొంచెం తక్కువగా, నా ఇంజినుకైతే మూడున్నర క్వార్టులు, పోసి, కొలిచి, మిగతాది కొంచెం కొంచెం కలపండి. ఎక్కువైతే క్రాంకు షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడదు. మళ్లీ బ్లోయర్, మళ్లీ నీళ్లు, తర్వాతే స్టార్టు. ప్రెషరు చూడండి, ఫిల్టర్ చుట్టూ టార్చి వేసి చూడండి, ఆపి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. అదే పూట డ్రైవులోని గేరు ఆయిల్ కూడా మార్చేయండి. అది పాలలా ఉంటే సీళ్లు పోయినట్టు.

ఫిల్టర్ మీద మార్కర్‌తో తేదీ, అవర్ మీటరు అంకె రాయండి. నోటుపుస్తకంలో ఇంకొంచెం వివరంగా రాయండి. ఎంత తీశారు, ఎంత పోశారు, రంగు ఏమిటి, వేలికి ఎలా తగిలింది. నా పుస్తకంలో ఆ ఆఖరి గడి ఇప్పుడు మా అమ్మాయే నింపుతుంది. పోయిన నవంబరులో ‘నలుపు, నున్న, రజను లేదు’ అని తెలుగులో రాసింది. దాన్ని ఫోటో తీసి నాన్నకు పంపాను. ఆయన ఫోన్ చేసి నాతో మాట్లాడలేదు, మనవరాలితో అరగంట మాట్లాడారు.

తీసిన పాత ఆయిల్‌ను మూత గట్టిగా బిగిసే డబ్బాలో పోసి, వాడిన ఫిల్టర్‌తో సహా ఆటో పార్ట్స్ దుకాణానికి తీసుకెళ్లండి. ఇక్కడ చాలా దుకాణాలు ఉచితంగానే తీసుకుంటాయి. ఒక్కసారి మార్చిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. ఆ డబ్బాను గరాజ్‌లో మూల పెట్టకండి, ఏడాది అక్కడే ఉండిపోతుంది. చేతులు కడుక్కోకముందే కారు డిక్కీలో పెట్టేయండి. దుకాణం సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది.