సంతకానికి ముందు నోరు విప్పండి

ఒక్క యూరోకే ఇల్లు! 2019లో ఇటలీ దీవి సిసిలీలోని సంబూకా అనే ఊరు ఈ మాట అనగానే ప్రపంచమంతా అటు తిరిగి చూసింది. వలసలతో జనం పలచబడి, రాతి ఇళ్లు తాళాలు పడి కూలిపోతుంటే, కొని బాగు చేసుకునేవాళ్ల కోసం ఆ ఊరు వేలం పెట్టింది. పాట ఒక్క యూరో దగ్గర మొదలైంది కానీ అక్కడే ఆగలేదు. గాంజి, ముస్సొమేలి లాంటి సిసిలీ ఊళ్లలోనూ ఇలాంటి పథకాలున్నాయి. మీకూ మనసు లాగుతోందా? లాగనివ్వండి, అంత దూరం ఆశపడడం తప్పేం కాదు. అయితే ఆ ఆశ నెరవేరాలంటే డబ్బుకు ముందు ఒక అలవాటు కావాలి. తెలియనిది తెలియదని చెప్పి, నామోషీ పడకుండా అడగడం.

ధర సంగతి తర్వాత. ముందు షరతులు అడగండి. మూడేళ్లలో మరమ్మతు పూర్తి చేయాలన్నది చాలా ఊళ్లు పెట్టే నిబంధన. 5,000 యూరోలు ధరావతుగా కట్టించుకునే ఊళ్లున్నాయి, గడువు దాటితే ఆ డబ్బు మీది కాదు. చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టయితే, అసలు కొనే హక్కు ఉందా అన్నదే మొదటి ప్రశ్న. మీ దేశం మా పౌరులకు ఏ హక్కు ఇస్తే మేమూ మీకు అదే ఇస్తామన్నది ఇటలీ చట్టం. విదేశాల్లో ఉండే విదేశీయులు మన దగ్గర ఇల్లు కొనడం మీద ఆంక్షలున్నాయి కాబట్టి, ఈ సంగతి అక్కడి నోటరీ నోట విన్నాకే ముందుకు కదలండి. ఇల్లు కొన్నంత మాత్రాన నివాస హక్కు రాదు. పర్యాటక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. ఇక్కడి నుంచి పంపే డబ్బుకూ ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది.

అసలు చిక్కు యజమానుల దగ్గర. ఇటలీలో పిల్లలకు ఆస్తిలో వాటా చట్టమే కాపాడుతుంది. రెండు తరాలు గడిచేసరికి ఒక్క ఇంటికి డజను మంది వారసులు తేలవచ్చు, ఒకరు అర్జెంటీనాలో, ఇంకొకరు ఆస్ట్రేలియాలో. ఇల్లు పూర్తిగా మీ పేరు మీదికి రావాలంటే వాటాదారులందరి సంతకాలూ కావాలి. ‘ఎంతమంది ఉన్నారు? అందరూ ఒప్పుకున్నారా?’ అని సూటిగా అడగండి. 2010 నుంచి అమ్మకం సమయంలో రికార్డులోని ప్లానూ ఉన్న ఇల్లూ సరిపోలాలి. ఎప్పుడో అనుమతి లేకుండా కట్టిన బాత్రూమ్ ఇప్పుడు మీ మెడకు చుట్టుకోవచ్చు. జెయోమెత్రా అనే సర్వేయరుంటాడు. అమ్మేవాళ్లు చూపించినవాడిని కాకుండా మీ మనిషిని పెట్టుకోండి.

ఇదంతా కొంప్రొమెస్సో అనే ఒప్పందానికి ముందే జరిగిపోవాలి. అప్పుడిచ్చే బయానా అకారణంగా మీరు వెనక్కి తగ్గితే పోతుంది, అమ్మేవాళ్లు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇచ్చుకోవాలి. చివరికి రిజిస్ట్రేషన్ నాడు నోటరీ దస్తావేజును బిగ్గరగా చదివి వినిపిస్తాడు. మీకు ఇటాలియన్ రాకపోతే దుబాసీ ఉండాలి. అర్థం కాకపోయినా మర్యాదకు తల ఊపడం మనలో చాలామందికి అలవాటు. ఆ గదిలో మాత్రం ఊపకండి. ‘ఆగండి, ఆ వాక్యం మళ్లీ చెప్పండి’ అనండి. నోటరీకి ఫీజు ఇచ్చేది మామూలుగా కొనేవాళ్లే, వినిపించుకోవడం మీ హక్కు.

ఇంటినీ అడగాలి. వేసవిలో ఒకసారి చూసి మురిసిపోకుండా, వానల్లో మళ్లీ వెళ్లండి. గోడ అడుగున మోకాలెత్తులో చెయ్యి ఆనించండి. చల్లగా చెమ్మ తగులుతోందా? తెల్లటి ఉప్పు పొంగి గోడ పెచ్చులూడుతోందా? అయితే ఆ రాతిగోడకు ఎవరో సిమెంటు పూసి ఉండవచ్చు. సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, సున్నం బయటికి పోనిస్తుంది. మన పాత మండువా ఇళ్లకు గానుగ సున్నం వాడినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. నున్నగా, కొత్తగా కనిపించే గోడనే ఎక్కువ అనుమానించమంటాను నేను.

ఇటలీలోనే అబ్రుజ్జో ప్రాంతంలో సాంతో స్తెఫానో ది సెస్సానియో అనే కొండ ఊళ్లో దానియేలే కిల్‌గ్రెన్ అనే వ్యక్తి ఇలాగే అడుగుతూ పోయాడు. పాడుబడిన ఇళ్లు కొని, ఎలా బతికారో ఊరి పెద్దవాళ్లతో చెప్పించుకుని, వాటిని అతిథి గృహాలుగా మార్చాడు. తరాల వంట పొగకు నల్లబడ్డ గోడలను కడిగించలేదు, అలాగే ఉంచాడు. దేన్ని మార్చకూడదో తెలుసుకోవాలంటే ఆ ఊరి మనిషి పక్కన కూర్చోవలసిందే.

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, ఇంకొకరు కట్టిన ఇంటిని నిలబెట్టడానికి అంతకన్నా ఓర్పు కావాలి. మేస్త్రీతో పని, కొలత, రేటు ఒక్కొక్కటీ రాయించుకోండి. పని అయినమేరకే డబ్బివ్వండి. ఆగస్టు 15 పండగ చుట్టూ ఇటలీలో చాలా పనులు ఆగిపోతాయి కాబట్టి, పైకప్పు పెంకులు ఎప్పుడు దింపుతారో, మళ్లీ ఎప్పుడు కప్పుతారో జూన్‌లోనే అడిగి తేదీలు రాయించండి. సగం విప్పిన కప్పుతో శరదృతువు వానల్లోకి అడుగుపెట్టకండి.