దారిలో పొరుగువాడు: ద్విచక్ర వాహనం నడిపే క్రైస్తవుని బాధ్యత



మన విచారణలలో కొత్తగా మోటారు సైకిలు కొన్నవారు మొదట దానిని గుడి ముందుకు తెస్తారు. గురువుగారు ప్రార్థన చెప్పి తీర్థజలం చల్లి ఆశీర్వదిస్తారు. ఆ తరువాత హ్యాండిలుకు జపమాల, ముందుభాగాన మరియమాత బొమ్మో పునీత క్రిస్టఫర్ బొమ్మో వెలుస్తాయి. ఇది మంచి ఆచారం. అయితే ఆశీర్వాదం పొందిన బండిని ఏ మనస్సుతో నడపాలి అన్న పాఠం మన ఇళ్ళలో ఎంతమంది చెప్పుకుంటున్నాం? ఈ వారం ఆ పాఠాన్ని తీసుకుందాం. దూరదేశాల మోటారు సైకిలు సంఘాల అనుభవం, శ్రీసభ బోధన, మన దేశ చట్టం, ఈ మూడూ మనకు తోడ్పడతాయి.

1. మోటారు సైకిలువారి పాలక మాత

ఇటలీ దేశపు ఉత్తర భాగాన అలెస్సాంద్రియా పట్టణానికి దగ్గరలో కాస్తెల్లాత్సో బోర్మిదా అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి మరియమాత పుణ్యక్షేత్రానికి ఏటా జూలై నెలలో వేలాది మంది మోటారు సైకిళ్ళమీద యాత్రగా వస్తారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే మొదలైన యాత్ర ఇది. 1947 ఫిబ్రవరి 11న 12వ పయస్ జగద్గురువులు ఆ క్షేత్రపు మరియమాతను మోటారు సైకిలువారి పాలకురాలిగా ప్రకటించారు. ఫిబ్రవరి 11 అంటే లూర్దుమాత పండుగ. మన గుణదల మాత ఉత్సవం జరిగే రోజు కూడా అదే.

ఇటలీవారు మోటారు సైకిలు నడిపేవారిని సెంటారులు అని ముద్దుగా పిలుస్తారు. సెంటారు అంటే గ్రీకు పురాణాలలో సగం మనిషి, సగం గుర్రం. బండి ఎక్కినవాడు బండితో ఒకటైపోతాడు అన్నది ఆ పేరులోని భావం. కాని గుర్రం కాళ్ళెంత బలమైనవైనా, దారి చూసే కళ్ళు, నిర్ణయించే మనస్సు మనిషివే కదా! తప్పు జరిగితే సమాధానం చెప్పవలసినదీ మనిషే.

ఫ్రాన్సు దేశంలోని పోర్కారో గ్రామంలోనూ ఇటువంటి యాత్ర ఉన్నది. 1979లో లూయీ ప్రెవొతో అనే గురువు దీనిని ఆరంభించారు. ఏటా ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, దివ్య బలిపూజ తరువాత బండ్లను ఆశీర్వదిస్తారు. 2013 జూన్ 16న రోములో పునీత పేతురు దేవాలయ ప్రాంగణంలో ఫ్రాన్సిస్ జగద్గురువులు హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిలువారిని ఆశీర్వదించారు. తమకు కానుకగా ఇచ్చిన బండిని వారు ఉంచుకోలేదు. 2014లో దానిని వేలం వేయగా వచ్చిన 2,41,500 యూరోలు రోము కారితాస్ సంస్థ నడిపే పేదల వసతిగృహానికి చేరాయి.

2. నేర్చుకున్న తరువాతే సేవ

బ్రిటను దేశంలో మరొక రకం సంఘాలున్నాయి. వాటి సభ్యులు పగలంతా తమ ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్ళూ సెలవు రోజుల్లోనూ మోటారు సైకిళ్ళమీద ఆసుపత్రులకు రక్తం, మందులు, పరీక్షల నమూనాలు, నెలలు నిండని పసికందులకు తల్లిపాలు ఉచితంగా చేరవేస్తారు. వారిని రక్తపు బండ్లవారు అంటారు. జీతం లేదు. ఖర్చులకు విరాళాలే ఆధారం.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. బండి ఉన్నంత మాత్రాన ఎవరినీ ఈ పనిలోకి తీసుకోరు. మామూలు లైసెన్సు మీద అదనంగా పై స్థాయి శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి రావాలి. మోసుకుపోయేది మరొకరి ప్రాణం కనుక, మొదట తన నడక సరిచేసుకోవాలి. పదిమంది యువకులు టీ షర్టులు వేసుకుని, ప్లకార్డులు పట్టుకుని, హెల్మెట్టు లేకుండా ర్యాలీ తీస్తే చూసేవారు ఏమి నేర్చుకుంటారు? బోధించే నోటికంటే ముందు నడిపే చెయ్యి సాక్ష్యం చెప్పాలి.

3. శ్రీసభ ఏమి చెబుతున్నది?

రహదారి నియమాలు పోలీసువారి వ్యవహారమని, పాపసంకీర్తనంలో చెప్పుకునే విషయం కాదని మనలో చాలామంది అనుకుంటారు. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2290వ పేరాలో, మద్యం మత్తులోగాని వేగం మీది మోజుతోగాని దారిలో తన ప్రాణానికి, ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవాడు ఘోరమైన అపరాధం మోస్తున్నాడని బోధించింది. ఈ బోధన అక్కడ ఐదవ ఆజ్ఞ, అంటే నరహత్య నిషేధం కింద ఉన్నది.

2007 జూన్‌లో వాటికన్ వలసదారుల, బాటసారుల సంరక్షణ మండలి రహదారి గురించి ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. అందులో వాహనం నడిపేవారికి పది ఆజ్ఞలున్నాయి. దారి మనుషులను కలపడానికేగాని చంపడానికి కాదని, వాహనాన్ని దర్పానికి గుర్తుగా వాడరాదని, నడిపే స్థితిలో లేనివానిని ప్రేమతో నచ్చజెప్పి ఆపాలని, ప్రమాద బాధితుల కుటుంబాలకు ఆసరా కావాలని, దారిలో బలహీనునికి రక్షణ ఇవ్వాలని వాటి సారాంశం. మన ఊళ్ళలో ఆ బలహీనుడు ఎవరు? నడిచిపోయే ముసలమ్మ, సైకిలు మీద బడికి పోయే పిల్ల, చీకట్లో మేకలను తోలుకువచ్చే కాపరి.

4. యెరికో దారి

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని ఉపమానం దారిమీద జరిగిన కథ. యెరూషలేము నుండి యెరికోకు పోయే దారి ఇరవై అయిదు కిలోమీటర్లకు పైగా ఉండి, సుమారు వెయ్యి మీటర్లు కిందికి దిగుతుంది. మలుపులతో నిండిన నిర్మానుష్యమైన దారి. గాయపడినవానిని యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు. ఇద్దరూ పక్కనుండి పోయారు. సమరీయుడు మాత్రం ఆగాడు, గాయాలు కట్టాడు, తన వాహనం మీద సత్రానికి చేర్చాడు, వైద్యానికి తన డబ్బు ఇచ్చాడు, మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడు. అతని వాహనం ఆనాడు ప్రాణం నిలిపే సాధనమైంది.

నేడు మనం ఎందుకు ఆగడం లేదు? ‘పోలీసు కేసు అవుతుంది, సాక్షిగా కోర్టుల చుట్టూ తిప్పుతారు’ అన్న భయమే ముఖ్య కారణం. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఈ విషయంలో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను సదుద్దేశంతో సహాయం చేసినవారికి రక్షణ కల్పించింది. ఆ సెక్షనుకు సుప్రభువు ఉపమానంలోని సమరీయుని పేరే పెట్టడం విశేషం. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారు తమ పేరు, చిరునామా చెప్పి తీరాలని ఎవరూ బలవంతం చేయరాదు. సాక్ష్యం చెప్పడం వారి ఇష్టం.

సహాయం కూడా తెలివిగా చేయాలి. మొదట 108కి ఫోను చేయండి. గాయపడినవానిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మోటారు సైకిలు మీద తీసుకుపోకండి; వెన్నెముకకు దెబ్బ తగిలి ఉంటే అది మరింత చెడుతుంది. స్పృహ లేనివాని నోట్లో నీళ్ళు పోయకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. వెనుకనుండి వచ్చే బండ్లకు తెలిసేలా ఒకరు దూరంగా నిలబడి చెయ్యి ఊపండి.

5. లెక్కలు చెప్పే నిజం

2022లో మన దేశంలో రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. సగటున రోజుకు 460 మందికి పైగా. వీరిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలమీద పోయేవారే. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చున్నవారంటే మన ఇళ్ళలో ఎక్కువగా భార్య, తల్లి, పిల్లలు. భర్త తలకు హెల్మెట్టు, భార్య తలమీద కొంగు: ఈ దృశ్యం ఆదివారం పూజకు వచ్చే దారిలోనే కనబడుతుంది.

సరిగా పెట్టుకున్న హెల్మెట్టు తలకు గాయమయ్యే అవకాశాన్ని సుమారు 69 శాతం, మరణించే అవకాశాన్ని సుమారు 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. సరిగా అంటే గడ్డం కింద పట్టీ బిగించుకుని అని అర్థం. పట్టీ వేయని హెల్మెట్టు మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది. ఐఎస్ఐ గుర్తు లేనిది జరిమానా తప్పించవచ్చుగాని తలను కాపాడదు.

వేగం సంగతి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. ఎదుట పిల్లవాడు కనబడి, మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు పట్టేలోపే ఆ దూరం అయిపోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టిన తరువాత ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది.

6. తల్లిదండ్రులకు ఒక మాట

‘పదో తరగతి పాసైతే బండి కొనిస్తాను’ అని మాట ఇచ్చే తండ్రులున్నారు. గేర్లున్న బండి నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయని 2019 సవరణ చెబుతున్నది. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. అయినా శిక్ష భయం చిన్నది. మీరు ప్రేమతో ఇచ్చిన తాళంచెవి మీ బిడ్డ ప్రాణమో, మరొక తల్లి బిడ్డ ప్రాణమో తీస్తే ఆ బరువు ఏ జరిమానాతో తీరుతుంది? బిడ్డకు ‘ఇప్పుడు కాదు’ అని చెప్పడం కూడా ప్రేమే. పెళ్ళి విందు నుండి తాగి బయలుదేరే బావమరిది తాళాలు తీసుకుని, ‘ఈ రాత్రికి ఇక్కడే పడుకో’ అనడమూ ప్రేమే. ఆ పూటకు అతను కోపగించినా, మరునాడు బ్రతికి ఉంటాడు.

7. మన విచారణలో ఏమి చేయవచ్చు?

యువజన సంఘంలో బండ్లున్న పదిమంది చేరితే చాలు, ఈ పనులు మొదలుపెట్టవచ్చు:

• మొదట సభ్యులందరూ లైసెన్సు, బీమా, ఐఎస్ఐ హెల్మెట్టు సరిచూసుకోవాలి. ప్రథమ చికిత్సలో శిక్షణ పొందాలి.
• నెలకొక ఆదివారం పూజ తరువాత సత్యోపదేశం పిల్లలకు దారి దాటే పద్ధతి నేర్పాలి.
• రాత్రివేళ దారి పక్కన ఆగే ట్రాక్టరు ట్రక్కులకు, ఎడ్లబండ్లకు వెనుక మెరిసే స్టిక్కర్లు అంటించాలి. ఉత్సవాలకు నడిచిపోయే యాత్రికులకూ మెరిసే పట్టీలు ఇవ్వాలి.
• క్రిస్మస్ అర్ధరాత్రి పూజ ముగిశాక గుడి ముందు మలుపులో నిలబడి, ఒకే బండిమీద ముగ్గురు బయలుదేరకుండా చూడాలి.
• ప్రమాదాలు జరిగే గుంతలను, మలుపులను గుర్తించి పంచాయతీకో రోడ్లు భవనాల శాఖకో రాతపూర్వకంగా తెలపాలి.
• ప్రమాదంలో ఇంటి పెద్దను కోల్పోయిన కుటుంబాలను, కులమతాలు చూడకుండా, సందర్శించాలి. బీమా, పరిహారం కాగితాల పనిలో చదువుకున్నవారు సాయపడాలి.

నవంబరు మృతుల మాసమని మీకు తెలుసు. ఆ నెల మూడవ ఆదివారం రహదారి బాధితుల ప్రపంచ స్మారక దినం. 1993లో బ్రిటనులో మొదలైన ఈ స్మరణను 2005లో ఐక్యరాజ్యసమితి స్వీకరించింది. ఆనాటి పూజలో మన విచారణ దారులమీద మరణించినవారి పేర్లు చదివించమని గురువుగారిని కోరండి. వారి మరణానికి కారకులైనవారి కోసం కూడా ప్రార్థించండి. వారికీ పశ్చాత్తాపం, క్షమాపణ అవసరం.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకొనుటకు

1. మన ఇంట్లో ఎన్ని బండ్లున్నాయి, ఎన్ని హెల్మెట్లున్నాయి? వెనుక కూర్చునేవారికి ఉన్నదా?
2. దారిలో గాయపడినవారిని చూసి మనం ఆగకుండా పోయిన సందర్భం ఉన్నదా? ఎందుకు ఆగలేదు?
3. తాగినవానిని బండి ఎక్కవద్దని చెప్పడానికి మనకు అడ్డం వచ్చేది ఏమిటి: మొహమాటమా, భయమా?
4. ప్రమాదంలో ఆప్తులను కోల్పోయిన ఇల్లు మన వీధిలో ఉన్నదా? ఈ వారం అక్కడికి ఎవరు వెళతారు?

ప్రార్థన: బాటసారులకు తోడైన ప్రభువా, మా చేతులకు నిదానం, మా కళ్ళకు మెలకువ, మా హృదయాలకు కనికరం దయచేయండి. దారిలో మాకు ఎదురయ్యే ప్రతివారిలో పొరుగువానిని గుర్తించే కృపనివ్వండి. మరియమాత వేడుదలతో మమ్మల్ని, మా ద్వారా ఇతరులను క్షేమంగా ఇల్లు చేర్చండి. ఆమెన్.