అంకె చూసి ఇల్లు కొనకు

ప్లేనో, టెక్సస్
ఫిబ్రవరి 2026

చి.ల.సౌ. సుధకి,

మరిదిగారికి డాలస్ బదిలీ ఖాయమైందని పిన్ని ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ మర్నాడే నువ్వు పంపిన ఇళ్ల జాబితా కూడా చూశాను. ప్రతి ఇంటి పక్కనా స్కూలు రేటింగు వేసి, తొమ్మిదీ పదీ వచ్చినవాటికి పచ్చరంగు పూశావు. ఆఫీసు ఎంత దూరమో, ఆస్తిపన్ను ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు. ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు కనక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మరిదిగారికీ చదివి వినిపించు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది ఇల్లు కొనకండి, అద్దెకి దిగండి. తర్వాత కొనేటప్పుడు కూడా ఆ అంకె చూసి కాదు, మీ ఇద్దరు పిల్లల్ని చూసుకుని కొనండి. "అందరూ ఫ్రిస్కోలోనే కొంటున్నారు కదక్కా" అంటావు. అందరూ కొంటున్నారు కాబట్టే అక్కడ ధరలు అలా ఉన్నాయి. నీ కొడుక్కి ఏ స్కూలు సరిపోతుందో ఆ జనానికేం తెలుసు?

స్కూలు కోసం ఇల్లు మారడం మనవాళ్లకి అమెరికా నేర్పింది కాదులే. పిల్లాడి ఇంటర్ కోసం విజయవాడలో అమ్మ, ఉద్యోగం ఉన్న ఊళ్లో నాన్న, రెండు కాపురాలు పెట్టిన ఇళ్లు మన బంధువుల్లోనే ఎన్ని లేవు! న్యూజెర్సీలో మీ ఎడిసన్‌లో కూడా జేపీ స్టీవెన్స్ హైస్కూలు వైపు ఇల్లు ఒక ధర, ఎడిసన్ హైస్కూలు వైపు ఇంకో ధర అని నువ్వే చెప్పేదానివి. కాకపోతే అక్కడ ఊరూ, స్కూలు జిల్లా ఒకటే. ఇక్కడ అలా కాదు. టెక్సస్‌లో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) అంటే మునిసిపాలిటీతో సంబంధం లేని సంస్థ. దాని బోర్డు వేరు, పన్ను వేరు, హద్దులు వేరు. చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన అది ఫ్రిస్కో ఐఎస్‌డీ అనుకోకు. ఆ ఊళ్లోనే ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల కిందికి వచ్చే వీధులున్నాయి. అటు ప్లేనో, మెకిన్నీ చిరునామాలున్న కొన్ని ఇళ్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి. ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో చాలా భాగం కొప్పెల్ ఐఎస్‌డీ. నీ జాబితాలో మూడో ఇల్లు ఫ్రిస్కో అనుకుని పచ్చరంగు వేశావు, అది లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీ.

ఆ ఐఎస్‌డీ లోపల మళ్లీ అటెండెన్స్ జోన్లు. ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలో గీసిన గీతలవి. ఆ గీత దస్తావేజులో రాసి ఉండదు, బోర్డు ఓటు వేస్తే మారిపోతుంది. ఊరు పెరుగుతున్నప్పుడు కొత్త స్కూలు కట్టి గీత జరుపుతారు, తరుగుతున్నప్పుడు స్కూలు మూసి జరుపుతారు. మా ప్లేనోలో 2025 వేసవికి నాలుగు స్కూళ్లు మూసేశారు, రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్లు. చెడ్డ స్కూళ్లు అయి కాదు, పిల్లలు లేక. ఇళ్ల ధరలు పెరిగేసరికి చిన్నపిల్లలున్న జంటలు ఇక్కడ కొనలేక ఉత్తరానికి, ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్లిపోతున్నారు. మంచి స్కూలని జనం ఎగబడితే ధర పెరిగింది, ధర పెరిగాక ఆ స్కూలుకి పిల్లలే కరువయ్యారు! నువ్వు ముప్ఫై ఏళ్ల లోను తీసుకునేది ఇంటికి. స్కూలుకి అంత గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. "కాలనీలోనే ఎలిమెంటరీ స్కూలు వస్తుంది" అని బిల్డర్ బ్రోషర్లో ఉంటే, ఎప్పుడు కడతారో ఐఎస్‌డీనే అడుగు, బిల్డర్ని కాదు.

ఈ గీతల బాధ హైస్కూలు విషయంలోనైనా తప్పించుకునే దారి ఒకటుంది. అలెన్‌లో ఐఎస్‌డీ అంతటికీ ఒకటే హైస్కూలు. జోన్ ఎటు మారినా తొమ్మిది తర్వాత అందరూ చేరేది అక్కడికే. (ఆరు కోట్ల డాలర్లు పెట్టి హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ స్టేడియం కట్టిన ఊరది. 2012లో తెరిచారు. టెక్సస్ అంటే ఏమిటో ఒక్క చూపులో తెలియాలంటే తీసుకెళ్లి చూపిస్తాలే.) కొప్పెల్‌లో కూడా దాదాపు అంతే, పెద్ద హైస్కూలు ఒకటే.

ఇక నువ్వు రంగులు పూసిన అంకె సంగతి. అందులో పెద్ద వాటా పరీక్షల మార్కులది. ఆ మార్కుల్లో సగం కథ తల్లిదండ్రులదే. అమ్మానాన్నలు ఇద్దరూ ఇంజనీర్లు, సాయంత్రం కుమాన్ ట్యూషన్, ఆదివారం మ్యాథ్ ఒలింపియాడ్ కోచింగ్: అలాంటి ఇళ్ల పిల్లలు నాలుగు వందల మంది చేరితే ఏ స్కూలుకైనా తొమ్మిది వస్తుంది. టీచర్ బాగా చెప్పిందా లేదా అన్నది అందులో కనపడదు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ శివార్లలో గీతకి అటూ ఇటూ ఉన్న ఇళ్ల ధరలు పోల్చి చూసింది. ఎలిమెంటరీ స్కూలు మార్కులు ఐదు శాతం ఎక్కువుంటే జనం ఇంటికి రెండున్నర శాతం ఎక్కువ ఇస్తున్నారని తేల్చింది. అంటే ఆ అంకె ధరలో అప్పుడే కలిసిపోయి ఉంటుంది. నువ్వు దాన్ని చూసి లాభం కనిపెట్టినట్టు సంబరపడుతున్నావు గానీ, దాని ఖరీదు నీ దగ్గరే వసూలు చేస్తున్నారు.

మరి ఏం చూడాలి? రాష్ట్ర విద్యాశాఖ ఏటా స్కూళ్లకి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు ఇస్తుంది. మొత్తం గ్రేడు పక్కన పెట్టి, అందులో పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారో చెప్పే భాగం చూడు. టీచర్ల సగటు అనుభవం ఎన్నేళ్లో కూడా రాష్ట్రం ప్రకటించే నివేదికలోనే ఉంటుంది. ఆ తర్వాత మధ్యాహ్నం మూడు గంటలకి ఆ స్కూలు గేటు దగ్గర కాసేపు నిలబడు. పిల్లలు ఎలా బయటికి వస్తున్నారో చూడు. రియల్టర్ని అడగకు. ఇళ్ల అమ్మకాల్లో వివక్షని నిషేధించే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం భయంతో అమెరికన్ రియల్టర్ స్కూళ్ల గురించి నోరు విప్పడు. మన తెలుగు రియల్టర్ విప్పిన నోరు మూయడు. ఇద్దరి వల్లా ఉపయోగం లేదు.

పెద్దవాడి విషయం జాగ్రత్తగా చదువు. ఆగస్టులో ఎనిమిదిలోకి వస్తాడు. అంటే హైస్కూలుకి ఇంకొక్క ఏడాదే ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ (యూటీ)లో కంప్యూటర్ సైన్స్ అని మరిదిగారు ఇప్పటినుంచే అంటున్నారట. ఇక్కడ ఒక చట్టం ఉంది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ కోర్టు తీర్పు ఇస్తే, మరుసటి ఏడాది టెక్సస్ ప్రభుత్వం వేరే దారి వెతికింది. ఏ హైస్కూలైనా సరే, తన స్కూల్లో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లవాడికి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్ యూటీకి రద్దీ ఎక్కువై, 2009లో దానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. చాలా ఏళ్లు అక్కడ గీత ఆరు శాతం. ఈ 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి ఐదే శాతం.

ఆలోచించు. నువ్వు లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి, ఊళ్లోకెల్లా చురుకైన పిల్లలంతా ఉన్న స్కూలు పక్కన ఇల్లు కొంటావు. అక్కడ ఆరువందల మంది క్లాసులో ముప్ఫైమందికే ఆ అవకాశం. మిగతా వాళ్లంతా మనవాళ్ల పిల్లలే, అందరికీ అన్ని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులూ, అందరికీ అవే మార్కులు. దశాంశం తర్వాత మూడో అంకె దగ్గర ర్యాంకు పోతుంది. అదే పిల్లవాడు కాస్త తక్కువ రేటింగున్న స్కూల్లో మొదటి ఐదు శాతంలో ఉండొచ్చు. అలాగని కావాలని నీరసమైన స్కూల్లో వేయమనడం లేదు. ఏపీ క్యాల్కులస్, ఫిజిక్స్ లేని చోట వేస్తే వాడికే నష్టం. తోటివాళ్లు పరిగెడితేనే తానూ పరిగెత్తే పిల్లలుంటారు, తోటివాళ్లని చూసి కుంగిపోయే పిల్లలుంటారు. మీవాడు ఏ రకమో నీకే తెలియాలి. ఇంకో సంగతి, ఐదు శాతంలో ఉన్నా యూనివర్సిటీలోకే నేరుగా ప్రవేశం, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. ఆ సీటు వేరే పోటీ. మరిదిగారికి ఈ పేరా రెండుసార్లు చదివి వినిపించు.

ప్లేనోలో ఇంకో చిత్రం. తొమ్మిది, పది ఒక స్కూలు, పదకొండు, పన్నెండు సీనియర్ హైస్కూలు. ఫ్రిస్కోలో హైస్కూళ్లు కావాలనే చిన్నవిగా ఉంచుతూ వచ్చారు, ఆర్కెస్ట్రాలోనో టెన్నిస్ జట్టులోనో చోటు దొరకడం తేలిక. మీవాడు వయొలిన్ వదలనంటున్నాడంటే ఇది లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఏదైనా తొమ్మిదికి ముందే స్థిరపడండి. పదో తరగతి తర్వాత మారితే పాత స్కూలు మార్కుల్ని ర్యాంకులో ఎలా కలుపుతారన్నది ఒక్కో ఐఎస్‌డీలో ఒక్కో పద్ధతి.

చిన్నదానికి అంత హైరానా లేదు. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. దానిది ఆగస్టు ఆఖరి పుట్టినరోజు కదా, క్లాసులో అందరికన్నా చిన్నదవుతుంది. ఇక్కడ ఆరేళ్లు వచ్చేదాకా బడి తప్పనిసరి కాదు, ఒక ఏడాది ఆపాలనిపిస్తే ఆపుకోవచ్చు. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారని భయపడి కొందరు ఇంగ్లీషు అని రాసేస్తుంటారు. నువ్వు తెలుగు అనే రాయి. పరీక్ష పెడితే పెట్టనీ, వెనకబడి ఉంటే అదనంగా చెప్తారు, అంతేగా.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇక్కడ రాష్ట్ర ఆదాయపన్ను లేదు, ఆ లోటంతా ఇంటి పన్నులో లాగుతారు. మావైపు అన్నీ కలిపి ఇంటి విలువలో సుమారు రెండు శాతం వేసుకో. ఆరు లక్షల డాలర్ల ఇంటికి ఏటా పన్నెండు వేలు. అందులో పెద్ద ముక్క స్కూలుదే. సొంతింట్లో కాపురముంటే స్కూలు పన్నులో లక్షా నలభై వేల డాలర్ల విలువకి మినహాయింపు 2025 నుంచి వచ్చింది కాబట్టి కొంత తగ్గుతుంది. కొత్త కాలనీల్లో నీళ్లకీ డ్రైనేజీకీ తెచ్చిన అప్పు తీర్చడానికి మడ్ పన్ను అని ఇంకొకటి ఉంటుంది, అది ఉందో లేదో అడగకుండా అడ్వాన్సు ఇవ్వకు. మా ప్లేనో కట్టే స్కూలు పన్నంతా ప్లేనో పిల్లలకే ఖర్చవుతుందనుకుంటున్నావేమో. 1993 నుంచి ఉన్న రాబిన్‌హుడ్ పద్ధతి ప్రకారం ఆస్తి ఎక్కువున్న ఐఎస్‌డీలు కొంత రాష్ట్రానికి అప్పజెప్పాలి. ఇక్కడివాళ్లు దాని మీద గొణుగుతారు. నాకైతే అది న్యాయంగానే అనిపిస్తుంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేదవాడ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. చదువుకి సమాన ఖర్చు రాజ్యాంగ హక్కు కాదంది కోర్టు. తర్వాత రాష్ట్ర కోర్టులో పోరాడి గెలిస్తేనే ఈ పద్ధతి వచ్చింది.

వీసా సంగతి నీకు నేను చెప్పాలా? హెచ్1బీలో ఉద్యోగం పోతే చేతిలో ఉండేది అరవై రోజులు. లీజు అయితే జరిమానా కట్టి బయటపడొచ్చు, ఇల్లు అరవై రోజుల్లో అమ్ముడుపోవాలంటే ధర తగ్గించుకోవాలి. పిల్లల చదువుకి మాత్రం భయం లేదు. వీసా ఏదైనా, అసలు లేకపోయినా, పబ్లిక్ స్కూల్లో పిల్లల్ని కాదనకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ టెక్సస్ కేసే, టైలర్ అనే ఊరిది.

పిన్ని ఇంకో మాట అంది. "కొన్నాళ్లు అక్క ఇంటి చిరునామా ఇచ్చి స్కూల్లో వేస్తే సరిపోదూ?" అని. సుధా, నన్ను అది అడగకు. వచ్చి మా ఇంట్లో ఆర్నెల్లుండు, పైన రెండు గదులూ మీవే. అప్పుడు నేనే సంతకం పెట్టి ఇస్తాను. ఉండకుండా ఉన్నట్టు రాయడం ఈ రాష్ట్రంలో నేరం, ఫీజు కూడా వెనక్కి కట్టించుకుంటారు. అదీకాక ఇంట్లో ఏ చిరునామా చెప్పాలో, స్కూల్లో ఏది చెప్పాలో అయిదేళ్ల పిల్లకి నేర్పుతావా?

మరిదిగారి ఆఫీసు లాస్ కొలీనాస్‌లో అంటున్నావు. సెలైనాలో కొంటే పొద్దున ట్రాఫిక్‌లో గంట దాటుతుంది, టోల్ వేరే. వ్యాలీ రాంచ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఆఫీసు దగ్గర, హిందూ టెంపుల్ దగ్గర, చుట్టూ మనవాళ్లే. పెద్దవాడు ఎనిమిది అక్కడే చదివితే, అక్కడి పోటీ వాడికి నచ్చిందో లేదో ఏడాదిలో తేలిపోతుంది. నచ్చితే అక్కడే కొనండి. లేకపోతే రిచర్డ్‌సన్, అలెన్, ప్లేనో ఎటైనా చూద్దాం. ముందు వాణ్ణి అడిగావా? పదమూడేళ్లవాడు, స్నేహితుల్ని వదిలేసి వస్తున్నాడు.

పిల్లల టీకాల కాగితాలు, ఎడిసన్ స్కూలు మార్కుల పత్రాలు సామాన్ల ట్రక్కులో వేయకు, చేతిసంచీలో పెట్టుకో. లీజు మీద సంతకం పెట్టేముందు ఆ చిరునామాని ఐఎస్‌డీ వెబ్‌సైట్లో కొట్టి, ఏ స్కూలు వచ్చిందో నాకు పంపు. నేను చూశానని చెప్పేదాకా అడ్వాన్సు కట్టొద్దు.

ఇట్లు,
నీ అక్క