నేర్చిన పాఠము నిలుచుటెట్లు?

గోదావరికి పెద్ద వరద వచ్చినపుడెల్ల కోనసీమ లంక గ్రామములలో పాఠశాలలు మూతపడుచుండును. 2022 జూలై వరదలో ఈ ప్రాంతపు లంకలనేకము నీట మునిగినవి. నీరు తీసిన పిమ్మట రోడ్లు, గట్లు బాగుచేయించుటకు మనము పూనుకొందుము. కాని ఆ దినములలో పిల్లలు మఱచిన పాఠముల సంగతి విచారించువారు అరుదు.

మఱపు సోమరితనము కాదు, మనస్సునకు సహజము. జర్మనీ దేశస్థుడగు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల వరుసలను తానే కంఠస్థము చేసి పరీక్షించుకొనెను. మఱపు మొదటి దినముననే మిక్కిలి వేగముగా నుండుననియు, పిమ్మట మందగించుననియు 1885లో ప్రకటించెను.

దీనికి విరుగుడేమి? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు విద్యార్థులకు చిన్న పాఠములిచ్చి పరీక్షించిరి. పాఠమును రెండుమార్లు చదివినవారు వారము తరువాత నూటికి 42 వంతులు చెప్పగలిగిరి. ఒకమారు చదివి, రెండవమారు పుస్తకము చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారు 56 వంతులు చెప్పగలిగిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినపుడు మాత్రము రెండుమార్లు చదివినవారే మెరుగు. కావున నేడు వచ్చినట్లు తోచిన పాఠము రేపు నిలుచునని నమ్మరాదు.

మన వీధిబడులలో ఎక్కములు అప్పజెప్పించుకొను ఆచారమున ఈ మేలు కొంత కలదు. అయితే అర్థము తెలియక వల్లించుట చాలదు. ఉపాధ్యాయుడు ప్రతిదినము మొదటి అయిదు నిమిషములు పుస్తకములు మూయించి, నిన్నటి పాఠమును, గతవారపు పాఠమును పిల్లలచే సొంతమాటలలో చెప్పింపవలెను. తప్పు చెప్పినవానిని దండింపక దిద్దవలెను. వరద సెలవుల తరువాత క్రొత్త పాఠమునకు ముందు పాతది జ్ఞప్తికి తెప్పింపవలెను.

ఇందు పంచాయతీ సభ్యుల పాత్ర యేమి? 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థల ప్రతినిధులకు స్థానము కలదు. జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతర కార్యములకు ఉపాధ్యాయులను నియోగింపరాదని అదే చట్టము శాసించుచున్నది. వారి సమయమును కాపాడుట మన బాధ్యత. బడికి వెళ్లినపుడు "ఎన్ని పాఠములైనవి?" అని ఉపాధ్యాయుని అడుగుటకంటె, "పోయిన నెలలో ఏమి నేర్చితివి, బాబూ?" అని ఒక పిల్లవానిని ఆప్యాయముగా అడుగుట మేలు. అతడు చెప్పగలిగినదే గ్రామమునకు దక్కిన విద్య.