న్యూరోసర్జన్ కావాలన్న తొందర ఎవరిది?

కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఈ మధ్య పిల్లల్ని డాక్టర్ చేస్తామని కాదు, ఏకంగా న్యూరోసర్జన్ చేస్తామంటున్నారు. పిల్లాడు చదివేది ఎనిమిదో తరగతి. ఏ ఫౌండేషన్ కోర్సులో చేర్పించాలని అడుగుతారు. ఎందులోనూ వద్దు. స్పెషాలిటీ ఎంచుకునేది హౌస్‌సర్జన్సీ చేసి, రోగుల్ని చూశాక. ఎంచుకోవాల్సింది కూడా ఆ బిడ్డే.

బైపీసీ, నీట్, ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, మూడేళ్ల ఎంసీహెచ్: ఇదీ దారి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్ల ఎంసీహెచ్ ఉంది. ఒక్క ఏడాదీ పోకపోయినా డిగ్రీ చేతికొచ్చేసరికి ముప్ఫై దగ్గరపడతాయి.

ఇంట్లో డబ్బు లెక్క మాత్రం ఎంబీబీఎస్ దగ్గరే ఆగిపోతుంది. పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొంటారు. తర్వాత పీజీ ఉంది, ఆపైన సూపర్ స్పెషాలిటీ ఉంది; అప్పుడు అమ్మడానికేం మిగులుతుంది? ఏజెంటు మాట నమ్మి విదేశాలకు పంపేవాళ్లు, తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసైతేనే ఇక్కడ ప్రాక్టీసు అన్న సంగతి ముందే తెలుసుకోవాలి. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక్కసారి చాలు. మూడోసారి హాస్టల్‌లో పడేయడాన్ని నేను ఒప్పుకోను. అది ఆ వయసు పిల్లలకు చేస్తున్న అన్యాయం.

పని ఎలా ఉంటుందో కూడా చూడండి. హెల్మెట్ లేకుండా బైకు మీద నుంచి పడిన కుర్రాణ్ని అర్ధరాత్రి తెస్తారు. స్పృహ తప్పుతోంది, ఒక కంటిపాప పెద్దదవుతోంది. సీటీ స్కాన్‌లో పుర్రె ఎముక కింద రక్తం గడ్డ. ఎముక తెరిచి, గడ్డ తీసి, కారుతున్న రక్తనాళాన్ని మూయాలి. సమయానికి తీస్తే చాలామంది లేచి నడుస్తారు. గ్లియోబ్లాస్టోమా అలా కాదు. కణితిని ఎంత జాగ్రత్తగా తీసినా దాదాపు ఎప్పుడూ తిరగబెడుతుంది, ఆ మాట ఇంటివాళ్లకు సర్జనే చెప్పాలి. తలలో నీరు చేరిన పసిబిడ్డకు మెదడు నుంచి పొట్టలోకి చర్మం కింద సన్నటి గొట్టం, అంటే షంట్ వేస్తారు. అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషనే. ఈ బరువు మోయగలనని బిడ్డ తనంతట తాను అనాలి.

మెదడు జబ్బులన్నీ న్యూరోసర్జన్ చూసేవి కావు; మైగ్రేన్, చాలావరకు ఫిట్స్, పక్షవాతం చూసేది న్యూరాలజిస్ట్. ఆ దారి వేరు: ఎండీ, ఆపైన డీఎం.

మెదడు మీద ఇష్టం నిజంగా ఉన్న పిల్లలకు నేను గట్టిగా చెప్పేది మరో రెండు దారులు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషికి మాట తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టు కావాలంటే బీఏఎస్ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. సికింద్రాబాద్‌లో ఈ కోర్సు చెప్పే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఈఈజీ, నరాల పరీక్షలు చేసే క్లినికల్ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ రెండోది. ఇంటర్ సెకండియర్ పిల్లలున్నవాళ్లు నీట్‌తో పాటు వీటికీ దరఖాస్తు పెట్టించండి.