ఏ కెమెరా మంచిది?

దసరా సెలవులకు ముందు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. "టీచర్, నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. వెళ్లేలోగా బస్తర్ అంతా ఫోటోలు తీసుకోవాలి. ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగాడు.

"ముందు నువ్వు తీయాలనుకునే పది ఫోటోల జాబితా రాసుకుని రా. కెమెరా సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

పిల్లలూ, ఈ పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. చెప్పులు కొనేముందు కాలి కొలత చూసుకుంటాం కదా! కెమెరా అయినా అంతే.

ఏం తీస్తారు?

చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి సుమారు 95 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పగటి వెలుగులో ఆ జలపాతం మొత్తాన్ని తీయడానికి మంచి ఫోన్ చాలు. నీటిధార తెల్లని పట్టుబట్టలా రావాలంటే మాత్రం షట్టర్ అర సెకను దాకా తెరిచి ఉండాలి. అంతసేపు చేయి కదలకుండా ఉండదు. కాబట్టి షట్టర్ వేగాన్ని మనమే మార్చుకోగల కెమెరా, దానికో ట్రైపాడ్ కావాలి.

కాంగేర్ లోయలోని పహాడీ మైనా ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. అది చెట్టు చిటారు కొమ్మన కూర్చుంటే ఫోన్‌లో నల్లచుక్కలా పడుతుంది. దానికి పెద్ద ఆప్టికల్ జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా నయం.

ఇక బస్తర్ దసరా. 75 రోజుల ఆ పండుగలో రాత్రిపూట లాగే రథాన్ని తీయాలంటే తక్కువ వెలుగులోనూ పనిచేసే పెద్ద సెన్సర్ కావాలి. డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాలు అక్కడ అక్కరకొస్తాయి.

అంకెలు చూసి మోసపోకండి

దుకాణంలో మొదట వినిపించే మాట మెగాపిక్సెల్. ఒక మెగాపిక్సెల్ అంటే 10 లక్షల చుక్కలు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో ఉన్నవి 10 వేల చుక్కలే. ఇప్పుడు ఒక లెక్క చేయండి. ఏ4 కాగితం సుమారు 11.7 అంగుళాల పొడవు, 8.3 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే మొత్తం సుమారు 87 లక్షలు. అంటే పేజీ నిండా ఫోటో వేయడానికి 9 మెగాపిక్సెళ్లు చాలు!

అంతకంటే ముఖ్యం సెన్సర్ పరిమాణం. వానలో ఒక గ్లాసు, ఒక పళ్లెం పెడితే దేనిలో ఎక్కువ చినుకులు పడతాయి? వెలుగు కూడా అంతే. చాలా చిన్న కెమెరాల్లో సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అది 36 మిల్లీమీటర్లు.

జూమ్‌లోనూ తేడా ఉంది. ఆప్టికల్ జూమ్ లెన్స్‌తోనే దూరాన్ని దగ్గర చేస్తుంది. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీస్తుంది.

మీకు ఎంత అనుభవం?

ఇప్పుడే మొదలుపెడుతుంటే ఇంట్లో ఉన్న ఫోన్‌తోనే ఆరు నెలలు తీయండి. వెలుగు ఎటునుంచి వస్తోందో, ఫ్రేములో ఏది అనవసరమో గమనించండి. "ఇక్కడ నా ఫోన్ సరిపోవడం లేదు" అని మీకే తెలిసినప్పుడు, ఆ లోటు తీర్చే కెమెరా కొనుక్కోండి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పుచేసి పెద్ద కెమెరా కొన్నాను. బరువని ఇంట్లోనే వదిలేసేదాన్ని. ఒక బదిలీలో ట్రంకుపెట్టెలో పెట్టి మరిచిపోతే వానాకాలం తేమకి లెన్స్ లోపల బూజు పట్టింది. ఆ ఊరి కొండల ఫోటోలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. నేను మొదట పాఠం చెప్పిన తరగతి పిల్లల ఫోటో ఒక్కటీ లేదు.

అందుకే కెమెరాను గాలిచొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో దాచండి. ఫోటోలను రెండు చోట్ల భద్రపరచండి. సంతలోగానీ పల్లెలోగానీ మనుషులను తీసేముందు అనుమతి అడగండి. వద్దంటే కెమెరా దించేయండి.

ఆ అబ్బాయి మర్నాడే జాబితా తెచ్చాడు. చిత్రకోట్, దసరా రథం, పహాడీ మైనా ఉన్నాయి. మిగిలినవి క్వార్టర్ వెనకున్న ఇప్పచెట్టు, బస్సు డ్రైవర్ అంకుల్, తన బెంచి, దానిమీద కూర్చునే ముగ్గురు స్నేహితులు, ఇలాంటివే. పదిలో ఎనిమిదింటికి వాళ్ల నాన్నగారి ఫోన్ చాలు. కొన్నది ఒక చిన్న ట్రైపాడ్ మాత్రమే.

అభ్యాసం: మీరు ఈ ఊరు విడిచి వెళ్లేలోగా తీయాలనుకునే పది ఫోటోల పేర్లు రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఏ కెమెరా కావాలో, ఎందుకో ఒక వాక్యంలో రాయండి. ఈ వారమే ఒకటి తీయండి.