నీ రెస్టుకి ఎంతవుతుందో లెక్క వేశాను

చిరంజీవి అమ్మడికి,



మొన్న ఫోన్లో "ఇక నా వల్ల కాదు మావయ్యా, రిజైన్ చేసేసి ఆరు నెలలు ఇంట్లో పడుంటాను" అన్నావు. మీ అమ్మ ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసి కాగితం, పెన్ను తీసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసినవాడికి దుఃఖం కూడా ముందు అంకెల్లోనే కనబడుతుంది, ఏం చెయ్యను.

నిన్ను రెస్టు తీసుకోవద్దనడానికి కాదు ఈ ఉత్తరం. నేనూ పడి లేచినవాణ్ణే. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి కదా, ఆ డిసెంబరు 30 దాకా మా బ్రాంచి షట్టరు ఎత్తేసరికే బజారు మలుపు దాకా క్యూ ఉండేది. ఫిబ్రవరిలో ఓ రోజు ఓచరు మీద సంతకం పెట్టబోతే నా సంతకం ఎలా ఉంటుందో నాకే గుర్తు రాలేదు. డాక్టరు రెండు నెలలు రెస్టు రాశాడు. సిక్ లీవంటే మాకు సగం జీతం. మీ బావ ఇంజినీరింగు ఫీజు కళ్ళ ముందు ఆడి, పద్దెనిమిదో రోజున వెళ్ళి జాయినైపోయాను. మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ పడ్డాను. ఈసారి నాలుగు నెలలు లేవలేదు. మీ అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్ళాయి, అదీ నా బ్యాంకులో కాదు, పరువు కదా, పక్క ఊళ్ళో. తర్వాత లెక్క చూసుకుంటే, మిగిలిన నలభై రెండు రోజుల్లో పోయే సగం జీతం, అంటే ఇరవై ఒక్క రోజుల డబ్బు, కాపాడుకోబోయి రెండు నెలల జీతం వదులుకున్నాను. వడ్డీ వేరే.

అందుకే నా భయం నువ్వు మానేస్తావని కాదు, డబ్బు చాలక సగంలో లేచి ఏదో ఒక ఉద్యోగంలోకి పరిగెడతావని.

నువ్వు చెప్పిన అంకెలే తీసుకున్నా. ఫ్లాటు మీద అప్పు 45 లక్షలు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళు. ఈఎంఐ 39 వేలు. మెయింటెనెన్సు, కరెంటు, కిరాణా కలిపి 20. మీ అమ్మానాన్నలకి పంపేది 15. కౌన్సెలరు సిట్టింగుకి 1,500 చొప్పున నెలకి నాలుగంటే ఇంకో 6. మొత్తం నెలకి 80 వేలు. చేతిలో ఉన్నది నాలుగున్నర లక్షలు. ఉద్యోగం వదిలిన రోజుతో కంపెనీ ఇన్సూరెన్సు పోతుంది, మీ నాన్నకి షుగరు, వాళ్ళిద్దరికీ విడిగా పాలసీ అంటే 50 వేలు పక్కన పెట్టు. మిగిలిన నాలుగు లక్షలు అయిదు నెలలకి వస్తాయి. అందులో ఉద్యోగం వెతుక్కోడానికి రెండు నెలలు, చేరాక మొదటి జీతం పడేదాకా ఒక నెల తీసెయ్యి. నువ్వనుకున్న ఆరు నెలల రెస్టు రెండు నెలలకి వచ్చింది తల్లీ!

ఆ రెండు నెలలేవో ఉద్యోగంలో ఉండి తీసుకో. ముందు ఉన్న సెలవులు, తర్వాత డాక్టరు సర్టిఫికెట్ పెట్టి లాస్ ఆఫ్ పే. మంజూరైన సెలవైతే జీతం లేకపోయినా గ్రాట్యుటీకి సర్వీసు తెగదు. నీకు అయిదేళ్ళు నిండడానికి ఇంకా అయిదు నెలలుంది. రెండు నెలల సెలవు, అప్పటికీ వద్దనిపిస్తే మూడు నెలల నోటీసు, సరిపోయింది. బేసిక్ 60 వేల మీద ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, నెలని 26 రోజులుగా లెక్కేస్తే, 1,73,000 వస్తుంది. దాన్ని గేటు దగ్గర వదిలేసి వస్తావా? సెలవులో ఇన్సూరెన్సు కొనసాగుతుందని మాత్రం హెచ్ఆర్ దగ్గర మెయిల్లో రాయించుకో, నోటిమాట వద్దు.

సర్టిఫికెట్ కౌన్సెలరు ఇస్తే చాలదు, డాక్టరు ఇవ్వాలి. నువ్వు పడుతున్న ఈ బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పని వల్ల వచ్చే స్థితి అంది కానీ జబ్బు అనలేదు. నిద్ర పట్టకపోవడం, ఆందోళన, డిప్రెషన్ ఉన్నాయేమో సైకియాట్రిస్టు చూసి, ఉన్నది రాస్తారు. 2017 చట్టం ప్రకారం మానసిక జబ్బుకీ ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలి. అయితే మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, కౌన్సెలింగు ఖర్చు మాత్రం మన జేబుదే. రాత్రిపూట మరీ బరువనిపిస్తే 14416కి చెయ్యి, టెలిమానస్, ప్రభుత్వానిది, డబ్బక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ ఓపీ ఉంది. ఆ పేరు చెప్పి నవ్వేవాళ్ళని నవ్వనీ.

ఒక్కటి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను 21 వేల లోపు జీతగాడైతే ఈఎస్ఐ ఉంటుంది, జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం కూలి వస్తుంది. అతనికి ఉండాల్సిందే, కాదనను. లోపల ఏసీలో కూర్చున్న నీకు ఆ పాటి కూడా లేదు. లక్ష దాటిన జీతం చూసి మనమంతా గొప్పనుకున్నాం.

పీఎఫ్ జోలికి వెళ్ళకు. అయిదేళ్ళ లోపు తీస్తే పన్ను పడుతుంది, 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, అంత తేలిగ్గా ఎక్కడా రాదు. క్రెడిట్ కార్డు మీద బతకడం అసలే వద్దు. ఈఎంఐ ఆపాల్సొస్తుందనిపిస్తే ఆగకముందే బ్యాంకుకి వెళ్ళి చెప్పు. తొంభై రోజులు దాటితే నువ్వు మొండిబాకీవి. ముందుగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నేను ఎన్నోసార్లు దారి వెతికాను, ఫోనెత్తనివాళ్ళ కోసం వెతకలేదు. రిషికేశ్ యోగా ప్యాకేజీ లింకు పంపావు, చూశాను. దాని ఖరీదుకి ఇరవై సిట్టింగులొస్తాయి.

గౌతమి రైలుకి బయల్దేరి రా, తాడేపల్లిగూడెం స్టేషనుకి నేనే వస్తాను. వచ్చేటప్పుడు ఆఫర్ లెటరు, జీతం స్లిప్పు, ఇన్సూరెన్సు కాగితం తెచ్చుకో. రెండు రోజులు నిద్రపోయాక చూద్దాం.

మీ
మావయ్య

తా.క. గాజులు 2018లో విడిపించాను. అవి తాకట్టుకి వెళ్ళిన సంగతే మీ అమ్మకి తెలీదు. చెప్పకు.